కాలుగాలిన మనిషి, మడ్డి పట్టిన ఇంజను

సభకు అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంటు గారికి, వేదిక మీదున్న డాక్టర్లకు, నర్సమ్మలకు, వార్డు సిబ్బందికి, గేటు వదిలి లోపలికి రాలేక కిటికీలోంచి తొంగిచూస్తున్న వాచ్‌మన్ గారికి, అందరికీ నమస్కారం. నేను మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. ఈ ఆస్పత్రి కుట్టు గదిలో దుప్పట్లకు అంచులు కుట్టుకునే మనిషిని. నా గొంతు మిషను చప్పుడులో కలిసిపోవడమే తప్ప ఇలా గోడలకు తగిలి తిరిగి రావడం నాకు అలవాటు లేదు. రెండు మాటలు చెప్పమన్నారు. రెండింటితో ఆగుతానని మాత్రం మాట ఇవ్వలేను. (నవ్వులు)

ఇవాళ పదవీ విరమణ చేస్తున్న అంబులెన్సు డ్రైవరు గారు, అంటే మా ఆయన, వేదిక మీద ఆ మధ్య కుర్చీలో ఉండాలి. కుర్చీలో పూలగుత్తి ఉంది, మనిషి లేడు. అదుగో, తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏమండీ, కొత్త డ్రైవరు బండి నీడలోనే పెట్టాడట, వచ్చి కూర్చోండి. (నవ్వులు) రాడు. పెళ్ళినాటి నుంచీ చూస్తున్నాను, కాలుగాలిన పిల్లి అంటారే, అది ఈయన్ని చూశాకే పుట్టిన మాట అయివుంటుంది. అన్నం తింటూ లేస్తాడు, మాట వింటూ లేస్తాడు, నిద్రలో కూడా కుడికాలితో ఏదో తొక్కుతూనే ఉంటాడు. అది బ్రేకు కాదు, యాక్సిలరేటరే. (నవ్వులు)

ఆయన ఎంతమందిని ప్రాణాలతో తెచ్చారో డాక్టరు గారు ఇందాకే చెప్పారు. నేను ఆయన్ని ఒకసారి ఆపిన సంగతి చెబుతాను. మా తమ్ముడు కూడా ఈ సభలోనే ఉన్నాడు, వెనక వరసలో తల దించుకున్నాడు. ఒరేయ్ తమ్ముడూ, నిన్ను పొగడటానికే, తలెత్తు.

అప్పట్లో మన ఆస్పత్రికి ఒక్కటే అంబులెన్సు. ఏ క్షణాన పిలుపు వచ్చినా కదలాలి కనుక బండి గేటు దగ్గర ఎప్పుడూ స్టార్ట్‌లోనే ఉండాలన్నది అప్పటి నియమం. పొద్దస్తమానం ఇంజను గుర్రుగుర్రుమంటూ ఉండేది. ఆ చప్పుడు వినబడితేనే ఈయనకు ఊపిరాడేది. ఒక వానాకాలంలో బండి ఆగి ఉన్నప్పుడల్లా ఎర్రటి ఆయిల్ లైటు మిణుకు మిణుకుమనడం మొదలుపెట్టింది. మార్కెట్టు వెనక మా తమ్ముడికి మెకానిక్ షెడ్డు ఉంది, అక్కడికి తీసుకెళ్ళాడు. తమ్ముడు ఆయిల్ పోసే మూత తిప్పి, లోపల వేలు పెట్టి బయటికి తీశాడు. వేలికి తారులాంటి నల్లటి ముద్ద అంటుకుంది.

"మడ్డి పట్టింది బావా. చిన్న చిన్న ట్రిప్పులు, మిగతా టైమంతా నిలబెట్టి తిప్పడం. ఇంజను సరిగ్గా వేడెక్కదు, లోపలి చెమ్మ ఆరదు. ఆయిలంతా ఇట్టా గడ్డకడుతుంది."

"సరేలే, ఏదో మందు పోసి కడిగెయ్‌. సాయంత్రానికి బండి కావాలి నాకు."

"కుదరదు. గట్టి మందు పోస్తే ముద్దలన్నీ ఒక్కసారే ఊడతాయి. ఊడి ఎక్కడికి పోతాయి? కింద ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడతాయి. ఆయిల్ పైకి ఎక్కదు, ఇంజను పట్టేస్తుంది. అది కూడా నడిరోడ్డు మీద, వెనక పేషంటు ఉండగా. విప్పి, చేత్తో తీయాల్సిందే. కొన్ని రోజులు పడుతుంది."

బావకూ బామ్మర్దికీ ఆ షెడ్డులో జరిగిన వాదన నేనిక్కడ చెప్పను, పెద్దలున్నారు. (నవ్వులు) చివరికి మన సూపరింటెండెంటమ్మ గారే ఇంకో ఆస్పత్రి నుంచి బండి అరువు తెప్పించారు. అమ్మా, ఆ సాయానికి అప్పుడు మీకు థాంక్స్ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఈయన ఇంట్లో లేడు, ఆస్పత్రిలో లేడు, రెండింటి మధ్యా తిరుగుతూ ఉన్నాడు. ఆ రోజుల్లోనే రంగులేసే మేస్త్రీ ఒకాయన పరంజా మీంచి పడ్డాడు. అరువు బండిని దాని డ్రైవరు ఇంకో కేసు మీద దూరం తీసుకెళ్ళాడు. ఈయన సామాన్లు మోసే ఆటోను ఆపి, మేస్త్రీని ఒక తలుపుచెక్క మీద పడుకోబెట్టి, గతుకు వచ్చినప్పుడల్లా అతని నడుము కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుని తీసుకొచ్చాడు. మేస్త్రీ బతికాడు, తర్వాత నడిచాడు కూడా. కానీ దారి పొడవునా అతను అరిచిన అరుపులు ఈయన చెవుల్లోంచి పోలేదు. అతన్ని డాక్టర్లకు అప్పగించి, చేతులైనా కడుక్కోకుండా తిన్నగా షెడ్డుకు పోయాడు.

ఆ సమయానికి తమ్ముడు, ఇంజను విప్పి బిగించేటప్పుడు అతుకుల్లో వేసే కొత్త ప్యాకింగు కొనడానికి వెళ్ళాడు, ఇంకా ఏదీ విప్పలేదు. నేను తమ్ముడికి గుడ్డలిద్దామని వెళ్ళాను. ఇంజను లోపల మామూలు పాతగుడ్డతో తుడిస్తే నూగు రాలుతుంది, ఆ నూగు మళ్ళీ జల్లెడకే అడ్డం. ఏ గుడ్డ నూగు రాలుస్తుందో, ఏది రాల్చదో నాకు తెలుసు కనుక, ఉతికి ఉతికి నునుపెక్కిన పాత ఆపరేషను దుప్పట్లు మూటకట్టి తీసుకెళ్ళాను. స్టోరు గుమాస్తా గారూ, అనుమతి తీసుకునే ఇచ్చాను, కంగారు పడకండి. (నవ్వులు)

తలుపు తీసేసరికి ఈయన ఒక చేత్తో గరాటు, ఇంకో చేత్తో కిరసనాయిలు డబ్బా పట్టుకుని ఇంజను మీదికి వంగి ఉన్నాడు. పాత ఆయిల్లో కిరసనాయిలు కలిపి కాసేపు తిప్పితే అంతా కరిగిపోతుందని ఎవరో పాత డ్రైవరు చెప్పాడట.

"వద్దండీ" అన్నాను.

"నీకేం తెలుసే? వాడి అరుపులు నువ్వు విన్నావా? నా బండే ఉంటే అంతసేపు పట్టేదా?"

నాకు ఇంజను సంగతి తెలియదు. అరుపులు వినలేదు. చేతిలో మూట ఉంది. ఏదో ఒకటి అనాలి.

"సరే, పోయండి. పోసి, మొదటి ట్రిప్పులో ఆ స్ట్రెచర్ మీద నన్ను పడుకోబెట్టి తీసుకెళ్ళండి" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. డబ్బా కింద పెట్టాడు. పెట్టి, మా పెళ్ళయ్యాక మొదటిసారి, కదలకుండా కూర్చున్నాడు.

తమ్ముడు వచ్చాడు. డబ్బా చూశాడు, గరాటు చూశాడు. "బావా, గ్లవ్స్ తొడుక్కో. నట్లు నువ్వే విప్పు" అన్నాడు, అంతే.

ఆ తర్వాత ఇద్దరూ చేసిన పని నేను పక్కనుండి చూశాను. బండిని జాకీని నమ్మి వదిలేయకుండా స్టాండ్ల మీద ఆనించారు. షెడ్డు తలుపులన్నీ బార్లా తెరిచి, బీడీ కాల్చేవాళ్ళను బయటికి పంపేశారు. ఇంజను కాస్త తిప్పి, గోరువెచ్చగా అయ్యాక ఆపి, పాత ఆయిల్‌ను కాలవలోకి వదలకుండా క్యానుల్లో పట్టారు. ఇంజను కింద ఆయిల్ నిలిచే తొట్టి దించితే అడుగున వేలెడు మందాన మడ్డి. దాన్ని చెక్క పుల్లలతో గోకి తీశారు. జల్లెడ చేతికొచ్చాక దానికి చిల్లులున్నట్టే కనబడలేదు.

ఈయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఒరేయ్, ఇన్నాళ్ళూ ఎట్లా తిరిగిందిరా ఇది?" అన్నాడు.

"నీకు భయపడి తిరిగింది బావా."

(నవ్వులు) జల్లెడ విడిగా కడిగి, పై మూత విప్పి లోపలంతా నా గుడ్డలతో తుడిచి, మళ్ళీ బిగించి, కొత్త ఫిల్టరు వేసి, పల్చటి ఆయిల్ పోసి, లైటు మీదే కళ్ళు పెట్టుకుని కాసేపు తిప్పారు. ఆ ఆయిల్ దింపితే నల్లగా వచ్చింది. మళ్ళీ ఫిల్టరు, మళ్ళీ ఆయిల్. ఓపిక పట్టి అలా చేయగా చేయగా రంగు తేరింది, లైటు ఆరింది. మూలల్లో మిగిలింది మెల్లగా అదే వస్తుంది, ఆయిల్ మాత్రం త్వరత్వరగా మారుస్తూ ఉండమని చెప్పి తమ్ముడు తాళాలు ఇచ్చాడు.

సూపరింటెండెంటు గారు సంగతంతా విని నియమం మార్చారు. పిలుపు లేనప్పుడు ఇంజను ఆపేయాలి. అందరికీ అది చిన్న ఆర్డరు. ఈయనకు మాత్రం చెవులు పోయినట్టయింది. ఆగిన బండిలో కూర్చోలేక, గేటు దగ్గర నిలబడలేక, ఒకనాడు తిరిగి తిరిగి నా కుట్టు గదిలోకి వచ్చి పడ్డాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు. మర్నాడూ వచ్చాడు. పిల్లల పెళ్ళిళ్ళ సంగతి, తన తల్లి పోయినప్పుడు ఏడవలేకపోయిన సంగతి, దారిలో బండి వెనక కన్నుమూసిన వాళ్ళ సంగతి, ఇంట్లో ఎన్నడూ ఎత్తనివన్నీ ఆ స్టూలు మీద కూర్చునే చెప్పాడు. మధ్యలో పిలుపు వస్తే సగం మాటలో లేచి పరుగెత్తేవాడు. మిగతా సగం కోసం నేను మిషను ఆపి కూర్చునేదాన్ని. తిరిగి వస్తాడో రాడోనన్న బెంగ కూడా ఆ సగంలోనే ఉండేది.

నా ఉద్యోగం ఇంకా మిగిలే ఉంది. పొద్దున ఇక్కడికి రావాల్సింది నేను, ఇంట్లో ఉండాల్సింది ఆయన. మీరంతా ఆయన ఇల్లు చేరుతున్నాడని సంతోషిస్తున్నారు, నేనూ పైకి అలాగే నవ్వుతున్నాను. రేపు నన్ను గేటు దగ్గర దింపి, స్కూటరు ఇంజను ఆపకుండానే, "ఇక నేను వెళ్ళనా?" అని అడుగుతాడు. వెళ్ళమనాలో, ఇంజను ఆపి వచ్చి ఆ స్టూలు మీద కూర్చోమనాలో మొన్నటి నుంచీ ఆలోచిస్తున్నాను. ఇంకా తేలలేదు.

నన్ను మాట్లాడనిచ్చిన అధ్యక్షులకు, ఓపిగ్గా విన్న మీకు, తలెత్తకుండానే విన్న తమ్ముడికి కృతజ్ఞతలు. సెలవు తీసుకుంటాను. ఏమండీ, అక్కడే ఉండండి, నేనే వస్తున్నాను.