విన్నదే రాయి, చూసిందే రాయి

మిస్ ఒడెస్సా ఇంటివాళ్లు వెండెల్ గారూ, జనెల్, కోళ్లు కోసే ప్లాంటులో షిఫ్టు మానుకుని వచ్చిన అక్కలూ అన్నలూ, మా కాలేజీ వాళ్లూ, మంగళవారం చర్చి హాల్లో కుర్చీ కసరత్తు చేసే పెద్దలూ, మీరందరూ వచ్చారు. ఈ జిమ్‌లో కుర్చీలు చాల్లేదు. గోడల పక్కన నిలబడ్డ వాళ్లని చూస్తుంటే మిస్ ఒడెస్సా గొంతు వినపడుతోంది నాకు. "కుర్రాళ్లూ, మీకు మోకాళ్లున్నాయి కదా, లేవండి, పెద్దవాళ్లని కూర్చోనివ్వండి" అనేది.

ఆ గొంతు ఇక లేదు. ఈ మాట పైకి అనడం నాకు ఇదే మొదటిసారి.

నా పేరు కొరీన్ బోజ్‌మన్. ప్రజారోగ్యం, వ్యాయామ శాస్త్రం కోర్సులో నాలుగేళ్లు ఆవిడ పక్క బల్ల నాది. ఇది రెండేళ్ల కోర్సు. మా ఇద్దరికీ పగలు ఉద్యోగాలు, సాయంత్రం క్లాసులు, అందుకే నాలుగేళ్లు. అనాటమీ పరీక్ష ఆవిడ రెండుసార్లు తప్పింది, మూడోసారి పాసైంది. ఆ రోజు చిలగడదుంపతో తీపి వంటకం చేసి తెచ్చి, ఫెయిలైన వాళ్లకే ముందు పెట్టింది.

మొదటి రోజు గుర్తుందా, టిల్‌మన్ గారూ? ఈ కోర్సుకి ఎందుకొచ్చారని అందర్నీ అడిగారు మీరు. ఒకడు ఫుట్‌బాల్ కోచ్ అవుతానన్నాడు. ఒకమ్మాయి జిమ్ పెడతానంది. నేను నోటికొచ్చింది ఏదో అన్నాను. యాభై ఎనిమిదేళ్ల మిస్ ఒడెస్సా, ఇరవై ఆరేళ్లు కోళ్ల ఎముకలు తీసి తీసి పిడికిలి బిగియని చేతులు బల్ల మీద పెట్టి చెప్పింది. "మా లైన్లో ఒకళ్ల తర్వాత ఒకళ్లం ఒళ్లు పాడై ఇంటికి పోతున్నాం. ఎవరికి ఏమైందో ఎవరూ రాసుకోవట్లేదు. నేను రాద్దామని వచ్చాను."



ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఆవిడ ఎవరికీ చెప్పలేదు కాబట్టి నేనే చెప్పాలి.

మొదటి సెమిస్టర్‌లో బీపీ చూడటం నేర్పారు. మిషన్‌తో కాదు, చెవులతో. చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి, మెల్లగా వదులుతూ, చప్పుడు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో స్టెతస్కోప్‌లో వినాలి. మిస్ ఒడెస్సా చేతికి కట్టాను, నాకేమీ వినపడలేదు. మళ్లీ కట్టాను, వినపడలేదు. చుట్టూ అందరూ రాసేసుకుంటున్నారు. మూడోసారి కట్టాలంటే సిగ్గేసింది. మిస్ ఒడెస్సా పేరు ఎదురుగా నూట ఇరవై, ఎనభై అని రాసేశాను. ఈ కోర్సు చదివినవాళ్లు నవ్వుతున్నారు, చూస్తున్నాను. ఆ రోజు సగం కాగితాల మీద అదే అంకె. మా క్లాసంత ఆరోగ్యమైన క్లాసు ఈ జిల్లాలో లేదు.

వారం తర్వాత ఆవిడ మందుల షాపులో మిషన్ మీద చూయించుకుంది. నూట డెబ్బై నాలుగు, నూట రెండు. ఆ చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అరుస్తుందనుకున్నాను. టిల్‌మన్ గారికి చెప్పేస్తుందనుకున్నాను. ఆవిడ చొక్కా చెయ్యి పైకి మడిచి, నా ముందు కూర్చుంది. "వినపడలేదని చెప్తే నిన్నెవరూ కొరుక్కుతినరు పిల్లా. విననిది మాత్రం రాయకు. ఇదిగో చెయ్యి. వినపడేదాకా కట్టు."

రెండు వారాలు రోజూ క్లాసుకి అరగంట ముందు వచ్చింది. ఆ చేతి మీద పట్టీ గుర్తులు ఎర్రగా పడేవి. పదో రోజున వినపడింది. పక్కింట్లో ఎవరో తలుపు తడుతున్నట్టు, సన్నగా. నాకు ఏడుపొచ్చేసింది. "ఏడుస్తూ వింటే మళ్లీ తప్పు రాస్తావు, ముందు ముక్కు తుడుచుకో" అంది.

ఆ చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లింది, మందులు వేసుకుంది, బీపీ దిగింది. ఆవిడని తీసుకుపోయింది బీపీ కాదు, కడుపులో కాన్సర్. రెండింటికీ సంబంధం లేదని ఆవిడే నాకు రెండుసార్లు చెప్పింది. అయినా ఆ నూట ఇరవైని నేను మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

అలోంజో కార్నిష్ గారూ, మీ సంగతి చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

మా చదువులో చివర అరవై గంటలు బయట పనిచేయాలి. ఆవిడ చర్చి హాలు ఎంచుకుంది. అక్కడ పెద్దవాళ్లకి కుర్చీ పరీక్ష పెట్టేది. చేతులు గుండె మీద కట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. కుర్చీకి గానీ తొడకి గానీ చెయ్యి ఆనిస్తే సున్నా. అది నియమం. అలోంజో గారు పద్నాలుగుసార్లు లేచి గర్వంగా చూశారు. ఎడమచెయ్యి మెల్లగా తొడ మీద నొక్కుతున్నారని హాలంతా చూసింది. మేమంతా చప్పట్లు కొట్టబోయాం. మిస్ ఒడెస్సా "సున్నా" అంది.

ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. రెండు మంగళవారాలు రాలేదు. మూడోవారం ఆవిడ పీతల సూపు గిన్నె పట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడింది. "ఈ సున్నా నిన్ను తిట్టడానికి కాదు అలోంజో. ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియడానికి" అంది. కుర్చీలో ఎత్తుకి మూడు దిండ్లు వేసి మొదలుపెట్టించింది. కొన్నాళ్లకొకటి చొప్పున తీసేసింది. ఇవాళ ఆయన చేతులు ఆనించకుండా తొమ్మిదిసార్లు లేస్తారు. ఆ తొమ్మిదీ అచ్చంగా ఆయనవే.

ఇక చివరిది. ఇది చెప్పడం నాకు కష్టం, కాస్త ఓపిక పట్టండి.

మార్చిలో ఆవిడని చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. మధ్యాహ్నం. నన్ను చూడగానే "కాగితం తెచ్చావా? నాకు పరీక్ష పెట్టు" అంది. వద్దన్నాను. నా మాట ఎప్పుడు విన్నది కనక? కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చేతులు గుండె మీద కట్టుకుంది. నేను గడియారం చూశాను. లేవబోయింది, లేవలేకపోయింది. మళ్లీ ప్రయత్నించింది. అప్పుడు కుడిచెయ్యి కుర్చీ మీద ఆనించి, ఒక్కసారి లేచింది. అలాగే నిలబడి కిటికీలోంచి బయటికి చూసింది. ముప్పై సెకన్లు అయిపోయాయి.

నా పెన్ను ఒకటి అని రాయబోయింది. ఒక్కటంటే ఒక్కటి. ఎవరికి నష్టం? ఆవిడ నా వైపు చూసింది. "చెయ్యి ఆనించాను కదా. ఏం రాయాలి?"

నేను పెన్ను కాగితం మీంచి ఎత్తాను.

"సున్నా రాయి పిల్లా. నువ్వు చూశావు కదా."

సున్నా రాశాను. ఇంత బరువైన అంకె నేనెప్పుడూ రాయలేదు. ఆవిడ కాగితం అందుకుని చూసుకుని, తిరిగి నాకే ఇచ్చింది. "ఇప్పుడు పక్కన రాయి, లేచి కిటికీలోంచి చూసింది అని. అది కూడా చూశావు కదా."

ఆ కాగితం నా జేబులో ఉంది. రెండూ ఉన్నాయి దాని మీద.

అరవై గంటల్లో ఆవిడ నలభై ఒకటి చేసింది. అరవై అని రాసి పట్టా ఇచ్చేద్దామా అని మనసున్న మనిషొకరు అడిగారు. వెండెల్ గారు నవ్వి, "అలా రాస్తే శవపెట్టెలోంచి లేచొచ్చి దిద్దుతుంది" అన్నారు. అందుకని నలభై ఒకటే ఉంటుంది. మిగతా పంతొమ్మిది గంటలు చర్చి హాల్లో మా క్లాసు చేస్తుంది. కాగితం మీద మా పేర్లు ఉంటాయి, ఎందుకంటే చేసేది మేమే.

ఇవాళ ఇది అయ్యాక పక్క గదిలో భోజనం ఉంది. వేయించిన కోడి ఉంది. ప్లాంటులో చేరిన రోజునుంచీ ఆవిడ దాన్ని ముట్టలేదు, మీరు మొహమాటపడకండి.

ఇప్పుడు మీ అందర్నీ లేవమని అడగాలి. ముప్పై సెకన్లే. వీలైనవాళ్లు చేతులు గుండె మీద కట్టుకుని లేవండి. వీలుకానివాళ్లు కుర్చీ పట్టుకోండి, పక్కవాళ్ల చెయ్యి పట్టుకోండి. అసలు లేవలేనివాళ్లు కూర్చునే ఆవిడని తలుచుకోండి. గడియారం నా చేతిలోనే ఉంది. చెయ్యి ఆనించినవాళ్లకి సున్నా వేస్తాను, ఆవిడ అలాగే నేర్పింది. పక్కన ఇంకో మాట రాస్తాను, ఒడెస్సా పిండర్ కోసం లేచారు అని.

లేవండి.