ఐదోవాడు

ఓడిన అభ్యర్థి ఆనవాయితీగా మద్దతుదారుల గడపలు తొక్కుతున్నాడు. ముసలాయన ఇంట్లో, గెలిస్తే రెండో కన్ను దిద్దాల్సిన దారుమా బొమ్మ ఒంటికంటితో చూస్తోంది.

"నా చేతకానితనమేనండి. ఐదు ఓట్లతో పోయింది, క్షమించండి."

"అయ్యో, తలెత్తండి బాబూ."

"మన నియోజకవర్గంలో ఉన్న నాలుగు సీట్లకి ఐదోవాణ్ణయ్యాను. నాలుగోది మన పార్టీ కువబారాకే దక్కింది."

"మీరు ఖాయంగా గెలుస్తారని పేపర్లో రాశారు కదా!"

"అదే కొంప ముంచింది. నేనెలాగూ గట్టెక్కుతానని మనవాళ్లెవరో జాలిపడి తమకున్న ఒక్క ఓటూ అతనికి వేశారట."

"ఎవరో కాదు బాబూ, మా..."

"ఎవరైతేనేంలెండి! మీ ఇంటి ఆరు ఓట్లూ నాకే పడ్డాయి. అందుకే ముందు మీ గడపే తొక్కాను."

ముసలాయన చాపకి నుదురు ఆనించాడు.

"మీరెందుకండీ వంగడం? లేవండి."

ఆయన లేవలేదు.