సమ్మె రోజు రానోళ్లు

బోటాటౌంగ్‌ రేవుపేటలోని గోదాము ఆఫీసు కిటికీలోంచి, వీధి మలుపులో ఆగిన సైన్యం లారీ హాజరు లెక్కలు రాసే ఆమెకు కనిపిస్తూనే ఉంది. మేనేజరు ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు.

"సైన్యం మీద సమ్మె సేసిన రోజు హాజరూ, అందరి అడ్రసులూ ఒకే డ్యాష్‌బోర్డులో కలిపినావేటి?"

"కలిపినాను బావూ."

"రానోళ్లని మట్టుకు ఫిల్టరు సెయ్యి. ఆ లారీవోళ్లకి ఇవ్వాల."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "మనోళ్లనే పట్టిస్తారేటి? మీ ఇంట పెళ్లికి వడ్డించినోళ్లు!"

"నోర్ముయ్. నొక్కు."

ఆమె నొక్కింది. తెర మీద ఒకే పేరు, ఒకే అడ్రసు మిగిలాయి.

"ఇది నా పేరేటే! ఆ రోజు నేనొచ్చినాను గదా!"

"వచ్చినోళ్లనే నొక్కినాను బావూ. మీరొక్కరే తేలినారు. మీ పేరూ, అడ్రసూ ఉన్న ఈ లింకు గోదాములో అందరి ఫోన్లకీ పంపీమంటారా?"