చప్పుడు లేని ఎర

టెక్సస్‌లో ఫిబ్రవరి ముసురు. రిజర్వాయరులో రెల్లు పక్కన పడవ ఆపి, అన్న చేతి తొడుగులతోనే ఒక్కో ఎరనూ చెవి దగ్గర ఆడించి చూస్తున్నాడు. చిన్న చేపల్లాంటి బోలు ఎరలవి. కడుపులో ఇనుప గుళ్ళు సన్నగా గలగలమంటే గడ్డిలో దాగిన బాస్ చేప కోపంగా వచ్చి కొడుతుంది.

"ఇదీ మూగదే. ఆ ఎరల కొట్టు డ్వైట్‌గాడు నాసిరకం సరుకు అంటగట్టాడురా."

"ఏదీ, ఇలా ఇవ్వన్నా."

తమ్ముడు ఆడించాడు. గుళ్ళు గలగలమన్నాయి. గబుక్కున గుప్పిట బిగించాడు.

"ఏమన్నా పలికిందా?"

"లేదన్నా. నీళ్ళు తేటగా ఉన్నాయిగా, చప్పుడు లేనిదే మేలు. ఈ ఎర్రది కట్టు. గడ్డికి తగులుకున్నప్పుడు ఒక్క గుంజు గుంజావంటే..."

"నాకే నేర్పుతున్నావట్రా! నీకు గాలం పట్టడం నేర్పిందెవరు?"

"నువ్వేలే."

అన్న ఎర కట్టాడు గానీ విసరలేదు.

"ఈ ఏడు రెల్లుపిట్టలు కూడా రాలేదేంరా?"

తమ్ముడు వెనక్కి తిరిగాడు. రెల్లు నిండా పిట్టలు సన్నటి కీచుగొంతులతో చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి.

"చలి కదన్నా. ఇంకా రాలేదు."

"రాలేదూ?"

"రాలేదు."

"మరి నేనడగ్గానే రెల్లువైపు ఎందుకు తిరిగావురా?"