ఒక్క గౌనూ కుట్టని దర్జీ

మెట్ల మీంచి జారిపడ్డావా? మీ ఇంటికి మెట్లెక్కడున్నాయే? గడప ఒక్కటే కదా! గడప తట్టుకుంటే దవడ రెండు ముక్కలవుతుందా? ఆ పోలీసాయన మాత్రం చక్కగా రాసుకుపోయాడు, ఆయనకేం పట్టింది.

ఉష్, మాట్లాడకు. కట్టు కదులుతుందని నర్సు మొత్తుకుంటోంది. కళ్ళతో చెప్పు చాలు. పాపా? ఇదిగో, నా ఒళ్ళోనే ఉంది. ఈ పూట మందు పోశాను. మీ ఆయన గోడకేసి కొట్టిన సీసా పోతే పోయింది, మందులిచ్చే మా సెంటర్లోంచి ఇంకోటి తెచ్చాను. బిడ్డకి ఈ రోగం అంటకూడదంటే ఇంకా పదకొండు రోజులు, ఒక్క పూటా తప్పకూడదు.

తప్పు నాదేలే. నాకూ ఈ హెచ్‌ఐవీ ఉంది, నా బిడ్డని కాపాడుకున్నాను, అందుకే సెంటరు వాళ్ళు నన్ను నీలాంటి తల్లుల దగ్గరికి పంపుతారు. ఊరికే వెళ్తే ఇరుగుపొరుగు ఊరుకుంటారా? అందుకని మెడలో టేపు, సంచిలో కత్తెర, దర్జీ వేషం. అన్నీ ఆలోచించాను, కుట్టడం ఒక్కటే మర్చిపోయాను! నాలుగు నెలలు, ముందు నీకూ, పుట్టాక పాపకీ కొలతలు తీసుకుని ఒక్క గౌనూ తేకపోతే మీ అత్తకి కళ్ళు లేవా? "ఇదేం దర్జీ!" అని సంచి లాక్కుని బోర్లించింది. టేపు, కత్తెర, నీ మాత్రలు, పాప సిరప్పు.

అప్పుడే కదా మీ ఆయన లోపలి గదిలోంచి వచ్చాడు. "ఎవడంటించాడే నీకు?" అని పిడికిలితో... అబ్బ, ఆ చప్పుడు! ఎండుపుల్ల విరిగినట్టు. పడిపోయాక కూడా తన్నాడు. పక్కన పసిగుడ్డు ఉందన్న జ్ఞానం కూడా లేదు వెధవకి.

కత్తెర నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలీదని చెప్పను. వంగి తీసుకున్నాను. భుజంలో దించాను. రెండోసారికి వాడు గోడకి జారబడిపోయాడు, అయినా దించాను. హాయిగా అనిపించింది. ఏం, అలా చూస్తావేం?

మరి నామీద కేసెందుకు పెట్టలేదు? తలుపు మేకు గీసుకుందన్నాడట! నువ్వేమో మెట్లు, ఆయనేమో మేకు. భలే కుదిరారు.

ఎందుకో చెప్తాను. చెప్తే నా పని ఊడుతుంది. ఊడనీ. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదని ఒట్టేసి చేరతాం మేము.

మీ ఆయన మూడేళ్ళుగా మా సెంటర్లో ఈ రోగానికే మాత్రలు తీసుకుంటున్నాడు. నీ పెళ్ళయి ఏడాదిన్నర. లెక్క నువ్వే చూసుకో. మొదటి రోజే మీ గోడ మీద పెళ్ళిఫొటోలో గుర్తుపట్టాను. ఆయన పనికి పోయాకే వచ్చేదాన్ని; మొన్న ఇంట్లో నన్ను చూడగానే ఆయనా గుర్తుపట్టాడు. అందుకే అంత అరిచాడు. కేసు పెట్టనిదీ అందుకే.

అవునే, నాలుగు నెలలుగా తెలుసు. "నేనేం పాపం చేశానక్కా, నాకెలా వచ్చింది?" అని నువ్వు నామీద పడి ఏడ్చినప్పుడల్లా తెలుసు. "ఎలా వస్తేనేం, బిడ్డ సంగతి చూడు" అని నీ వీపు నిమిరాను. మొదటి రోజే చెప్పుంటే నువ్వు పుట్టింటికి పోయేదానివి. దవడా మిగిలేది.

చెయ్యి లాగేసుకున్నావా? లాక్కో. వాడు నిన్ను ఒక్కసారి మోసం చేశాడు, నేను వారం వారం వచ్చి మరీ చేశాను. కట్టు విప్పాక తిట్టు, కొట్టు, నీ ఇష్టం. ఈ పదకొండు రోజులు మాత్రం నన్ను రానియ్యి. ఆ తర్వాత నా మొహం చూడకు.