తూకానికి అందని బలం

1989 జూలై మూడవ తేదీన తూనికలు, కొలతల తనిఖీ కార్యాలయంలో సహాయకురాలిగా చేరిన నాడు, ఇరవై కిలోల తూకపు రాయిని ఒక్క ఊపున బల్ల మీద పెట్టి "ఇంకేమైనా ఉన్నాయా సార్?" అని అడిగారట, నేడు పదవీ విరమణ చేస్తున్న మా ముఖ్య తనిఖీ అధికారిణి. నాటి నుంచి అందరికీ వారు "ఇరవై కిలోల అక్కయ్యగారే".

పదేళ్లకు తనిఖీ అధికారిణిగా పదోన్నతి పొంది, గోదాముల్లోనూ బజార్లలోనూ అలుపెరుగక తిరిగి, ఏ మొహమాటానికీ లొంగక విధి నిర్వహించారు.

ఆరేళ్ల క్రితం వైద్య పరీక్షలో స్థూలకాయం, మధుమేహం బయటపడ్డాయి. ఆరు నెలల్లో దేహదారుఢ్యం నిరూపించుకోకపోతే ఇక తనిఖీలు లేవు, ఆఫీసు కుర్చీయే గతి అని పైఅధికారులు ఉత్తర్వు ఇచ్చారు. అక్కయ్యగారు పంతం పట్టి కడుపు మాడ్చుకున్నారు. రెండు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గారు. అందరూ భేష్ అన్నారు. కానీ ఒక గోదాములో తనిఖీకి వెళ్లినప్పుడు ఆ ఇరవై కిలోల రాయి మోకాలి దాకా కూడా లేవలేదు. "ఇలా ఇవ్వండమ్మా" అంటూ గోదాము యజమానే అందుకున్నాడు. ఇంటికెళ్లి భర్తతో అన్నారట: "బరువుతో పాటు నా చేతులు కూడా పోయాయండీ."

ఆయన తీసుకెళ్లి చూపిస్తే ఫిజియోథెరపిస్టు మందలించారు: "కొవ్వుతో పాటు కండనీ కరిగించుకున్నారమ్మా. పప్పూ గుడ్లూ కడుపునిండా తినండి. బరువులెత్తండి."

అంతే! రోజూ భోజన విరామంలో రెండు కిలోల రాయితో మొదలుపెట్టి, వారానికింత పెంచుకుంటూ పోయారు. మూడు నెలలైనా, ఆఫీసు డిస్పెన్సరీలో బరువు చూసుకునే కాటా ముల్లు కదలలేదు. వృత్తి ధర్మం ఊరుకుంటుందా? ప్రమాణ రాళ్లు మోయించుకుని వెళ్లి ఆ కాటానే తనిఖీ చేశారు!

"నా మిషన్ మీదే కేసు పెడతారా మేడమ్?" అంది నర్సు.

గ్రాము తేడా లేదు. "మరి నేనెందుకు తగ్గలేదమ్మా?"

"తగ్గలేదా? మీ యూనిఫాం బెల్టుకి ఆ కొత్త చిల్లులెవరు పొడిచారు?"

"మా ఆయన."

"అదీ సంగతి! కొవ్వు పోయిన చోట కండ పెరిగింది. ఆ రెంటికీ తేడా నా మిషన్‌కేం తెలుసు?"

అక్కయ్యగారు పగలబడి నవ్వి, కాటాకు ముద్ర వేసి మరీ వచ్చారు.

గడువు నాటికి చక్కెర అదుపులోకి వచ్చింది. వైద్యుల ఎదుటే ఇరవై కిలోల రాయి నడుము దాటి, భుజం దాటి, తలపైకి లేచింది. కుర్చీకి పంపే ఉత్తర్వు రద్దయింది. మరుసటి ఏడే ముఖ్య తనిఖీ అధికారిణి పదవి వరించింది.

స్వయంగా సాధించుకున్న ఈ ఆరోగ్యంతో, అర్ధాంగిని చూసి మురిసిపోయే భర్తతో, కూతుళ్లతో, మనవలతో వారు చిరకాలం వర్ధిల్లాలనీ, తొంభయ్యవ ఏట సైతం ఎవరి చేతి ఆసరా లేకుండా మెట్లెక్కాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాము.