భోజనాల గదిలోని చెవి

1988 జూలై నాలుగవ తేదీన కటక్‌లోని మన ఔషధ పంపిణీ సంస్థలో టైపిస్టుగా చేరిన శ్రీమతి సుప్రభా పట్టజోషి గారు, స్వయంకృషితో సిబ్బంది వ్యవహారాల అధికారిణి పదవిని అలంకరించి, నేడు పదవీ విరమణ చేస్తున్నారు. గోదాములో మందులు మాయమైనప్పుడు ద్వారం వద్ద కెమెరా అమర్చడానికి సమ్మతించి సంతకం చేసినవారూ వారే. నిఘా పట్ల వారికి గుడ్డి వ్యతిరేకత లేదు.

అయితే నిరుటి మాసాంత సమావేశాన్ని తలచుకుంటే నాకు నేటికీ ఒళ్లు జలదరిస్తుంది. జనరల్ మేనేజరు రౌత్రాయ్ గారు కంప్యూటరు మీట నొక్కగానే లెక్కల విభాగపు మంజులత గొంతు వినిపించింది.

"అపా, నాకు మూడో నెల. మా అత్తగారికి కూడా చెప్పలేదు. ఉద్యోగం పర్మనెంటు కానీ, అప్పుడు చెబుతా."

అది ఆమె భోజనాల గదిలో, 'అపా' అని అక్కలా పిలుచుకునే స్నేహితురాలితో గుసగుసగా అన్న మాట. సమావేశంలోనే కూర్చున్న మంజులత పమిట పొట్ట మీదికి లాక్కుంది. భోజనాల గదిలో మేమేమేం వాగామో ఎవరికి వారు గుర్తు చేసుకోసాగాము.

"ఇలాంటివి దాచిపెట్టి పర్మనెంటు చేయించుకుందామనా? కంపెనీ జాగాలో మాట్లాడింది కంపెనీదే!" అన్నారు రౌత్రాయ్ గారు.

సుప్రభ గారు లేచి నిలబడ్డారు. "ఆ కబురు ఆ పిల్లది సార్. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో దానిష్టం."

"కెమెరాలకు సంతకం పెట్టింది మీరేగా మేడమ్?"

"గోదాము తలుపుకు కళ్లు పెట్టమన్నాను. అన్నం తినేచోట చెవులు పెట్టమన్నానా?"

ఆ సాయంత్రమే వారు పాలకమండలికి ఫిర్యాదు చేశారు. విచారణకు వచ్చిన పెద్దలు, ఆ రికార్డులన్నీ విని ఆధారాలు ఏరి ఇమ్మని సుప్రభ గారినే కోరగా, "నేను విననండీ. వింటే ఆయనకూ నాకూ తేడా ఏముంది? రహస్యంగా మైకు పెట్టారు, అది చాలదా?" అని నిరాకరించారు. రికార్డులను ఇంకెవరూ వినకుండానే మా సమక్షంలో చెరిపివేశారు. రౌత్రాయ్ గారు పదవి వీడవలసి వచ్చింది. మంజులత ఉద్యోగం స్థిరపడింది.

పైకప్పులో దాచిన మైకు తీసివేసిన మర్నాడు మేము అటువైపే చూస్తూ మూగగా అన్నం తింటున్నాము. అంతలో సుప్రభ గారు పెరుగులో నానిన దహీబరా గారెల పొట్లంతో వచ్చి, "మా ఆయన గురకకు వీధి కుక్కలు కూడా లేచి కూర్చుంటున్నాయర్రా! వినేవాళ్లుంటే విననీ!" అని బిగ్గరగా అన్నారు. అందరికంటే ముందు మంజులత నవ్వింది. అయినా నాకు బెదురు పూర్తిగా తీరలేదు. ఇప్పటికీ ఇంటి కష్టం చెప్పుకోబోయి ఒక్కోసారి నోరు మూసుకుంటాను. పోయిన నమ్మకం తిరిగి రావడానికి మైకు తీసివేస్తే సరిపోదని నాకు తెలిసివచ్చింది.

శ్రీ జగన్నాథుని కరుణాకటాక్షాలతో సుప్రభ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, భర్తృసమేతంగా నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, వారు మాట్లాడే ప్రతి మాటా వారు కోరుకున్న చెవికే చేరాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాను.